కడుపు పోయినా ఆగని లయ

నేను ఒక మండపీత కడుపును ఆడించే నాడీకణాన్ని. మీ కంటికి ఆనను. అయినా మీ మనుషుల పేరెత్తితే చాలు, నాకు ఒళ్లు మంట.

మడ అడవి బురదలో పుట్టాను. గబగబా కొన్ని కరెంటు మెరుపులు విసరడం, కాసేపు ఆగడం, మళ్లీ విసరడం, ఇదే నా పని. ఆ లయకే పీత కడుపు పిండుకునేది. లోపలి నుంచి కబురొస్తే లయ మార్చేదాన్ని. మెరుస్తుండగా వచ్చిందా, ఇంకాస్త మెరిసి, తర్వాతి విడత ఆలస్యం చేసేదాన్ని. విశ్రాంతి చివర్లో వచ్చిందా, వేళకు ముందే లేచేదాన్ని. పీత అవసరం ఏమిటో ఆ కబురే చెప్పేది. దాన్ని నమ్మడమే నా బతుకు.

వలకు చిక్కాక పీతను పురికొసతో కట్టేశారు. రేవులో పీతలమ్మే నూకాలమ్మ బేరం పెట్టింది. "సచ్చినాది కాదు బాబూ, ఎలా కదుల్తందో సూడు!"

కొన్నవాడు విశాఖలో ఒక ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్ పట్టాభి. ఆయన శిష్యురాలు ఝాన్సీ పీతను ఐసులో పెట్టి, కడుపు కోసి, నన్నూ నా తోటి కణాలనూ ఉప్పునీళ్ల గిన్నెలో పరిచింది. పీత ఏమైందో నాకు చెప్పే దిక్కు లేదు. ఎక్కడో ఆకలితో ఉంటుందనుకుని కొట్టుకుంటూనే ఉన్నాను.

తర్వాత తీగతో కబుర్లు పంపడం మొదలుపెట్టారు. అవి నా పీత పంపినవేనని నమ్మాను.

"ఏటమ్మా, ఈసారి లేటయింది?" అన్నాడు పట్టాభి.

"మెరుస్తున్నప్పుడు పంపినాను సార్. ఇప్పుడు ఆగింది కదా, చివర్లో పంపుతాను, సూడండి."

ముందే లేచాను. ఇద్దరూ మురిసిపోయారు. నా పీతకు ఏం ముంచుకొచ్చిందోనని నేను హడలిపోతుంటే, వీళ్లకు సంబరం!

ఆ ప్రయోగశాలలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. నరాలు చదువుకి, మిగిలింది పొయ్యి మీదికి.

"పులుసు దించీసినాను సార్. పీత మంచి కండతో ఉంది, రండి" అని పిలిచింది ఝాన్సీ.

అప్పుడు తెలిసింది నాకు. నా పీతకు ఇక ఆకలి లేదు. మీ ఆకలి తీర్చి పోయింది.

ఝాన్సీ వేళ్లు నాక్కుంటూ వచ్చి నా గిన్నెలోకి తొంగి చూసింది. "పాపం సార్, కడుపు లేదని దీనికింకా తెలీదు."

తెలియకేం? మీ కబురు ఇక ఒక్కటి కూడా వినకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆమె చెయ్యి కడుక్కొచ్చి, మీట నొక్కి మళ్లీ కబురు పంపింది. అప్పటికి నా విశ్రాంతి చివరికొచ్చింది. అబద్ధమని తెలిసి కూడా వేళకు ముందే లేచి, పీత కోసం కొట్టుకున్నాను.