పాదాల దగ్గరి వాక్యం

నేను ఒక వీరగల్లును. పోరులో ప్రాణం విడిచినవాడి గుర్తుగా ఊరివాళ్లు నిలబెట్టిన నల్లరాయిని. నన్ను మలిచిన శిల్పి నా తలమీద ఒక వాక్యం, పాదాల దగ్గర ఒక వాక్యం చెక్కి, నడుమ కత్తి ఎత్తిన మనిషిని నిలిపి వెళ్లాడు. ఆ తర్వాత ఎవరి అవసరం వాళ్లది. నా భుజం మీద కొడవళ్లు నూరారు, మెడకు గేదెల్ని కట్టారు, ఎన్నికలొస్తే ముఖాన గుర్తులు వేశారు. అన్ని పార్టీలనూ మోశాను. గెలిచినవాడెవడూ నావైపు తిరిగి చూడలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మట్టి పేరుకుని ఛాతీ వరకూ కూరుకుపోయాను.

చూసింది వకుళ టీచరు. గుండ్లవాగు హైస్కూల్లో చరిత్ర చెప్పేది. సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్లలో పాతరాళ్లు వెతికి పుస్తకాలు రాసేది. కొబ్బరిపీచుతో రంగులు వదిలించి, తడి కాగితం పరిచి, సిరా అద్ది, నా తలమీది అక్షరాలు ఎత్తుకుంది. "మందను విడిపించి పడిన పోతి..." అంతవరకే దొరికింది, ఆపై మూల విరిగిపోయింది. యలమందలవారి పెద్దింట్లో పోతినేడు అనే పూర్వీకుడి కథ చెప్పుకునేవారు. ఆమె ఈ రెంటినీ కలిపి పుస్తకంలో రాసేసింది. పెద్దింటివాళ్లు ఆ పేరుతో ఊరి మొదట్లో కమాను కట్టించుకున్నారు. నాకు నోరుంటే ఆనాడే అడ్డుపడేదాన్ని.

పన్నెండేళ్ల తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి పొక్లెయిన్ వచ్చింది. నా చుట్టూ తవ్వేసరికి నామీద చెక్కిన మనిషి నడుముకు కట్టిన డప్పు బయటపడింది, పాదాల దగ్గరి వాక్యమూ బయటపడింది. కబురందుకుని వచ్చిన టీచరు గోతిలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తడుముతూ చదివింది. "మాదిగ పోతికి ఊరందరు నిలిపిన రాయి." పోతి అంటే పోతినేడు కాదు. తన తప్పు తన కళ్లముందే ఉంది మరి.

సర్పంచి యలమందల పిచ్చయ్య గోతి అంచున నిలబడ్డాడు.

"టీచరుగారూ, రాయికొచ్చిన భయమేం లేదు. మా స్థలంలో మండపం కట్టిస్తాను. కాకపోతే ఆ కింది గీతల మీద కాస్త సిమెంటు పూయిద్దాం. మీ పుస్తకానికీ మచ్చ రాదు."

"మచ్చ పుస్తకంలోనే ఉందండీ. వేసింది నేను. దిద్దేదీ నేనే."

"అయితే రాయి సంగతి పొక్లెయిన్ చూసుకుంటుంది," అని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

టీచరు గోతిలోంచి రాలేదు. నాకు వీపు ఆనించి నిలబడింది. "ముందు నన్ను ఎత్తు బాబూ, తర్వాత దీన్ని," అంది. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు.

ఈలోగా మాదిగవాడ నుంచి జనం వచ్చారు. డప్పు వాయించే ముసలాయన ఏసోబు ముందుకొచ్చి, "ఏం రాసుందమ్మా?" అని అడిగాడు. ఆమె చదివింది.

"ఇంకోసారి చదువమ్మా."

మళ్లీ చదివింది. ఏసోబు గోతి అంచున కూర్చున్నాడు. "ఇన్నేళ్లూ మావోడి మీద మట్టి..." అన్నాడు.

"ఆ మట్టి మీద ఇంకొకరి పేరు రాసింది నేనే, ఏసోబుగారూ. తప్పయింది."

"ఈ మాట పుస్తకంలో కూడా రాస్తావా?"

"రాస్తాను."

ముసలాయన వెనక్కి తిరిగి, "మోకులు తెండిరా!" అని కేకేశాడు.

ఇరవైమంది నన్ను రోడ్డు అవతలికి లాగి, ఈసారి పాదాలు మట్టికి పైన కనిపించేలా నిలబెట్టారు. టీచరు తప్పు ఒప్పుకుంటూ కొత్త కూర్పు వేసింది. గ్రంథాలయంలోని పాత ప్రతులకు తనే కూర్చుని దిద్దుబాటు చీటీలు అతికించింది. పెద్దింటివాళ్లు ఆమెతో మాటలు మానేశారు.

అప్పట్నుంచి నా పాదాల అక్షరాల మీద ఎవరో సున్నం పూసిపోతున్నారు. ఎవరో నాకు తెలుసు. రాళ్లను సాక్ష్యం అడగరు కనుక బతికిపోయారు. మూడుసార్లు పూశారు. మూడుసార్లూ టీచరూ ఏసోబూ కడిగారు. నాలుగోసారి ఆమె బకెట్‌తో వచ్చేసరికి వాడలో ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉన్నారు. అక్షరాలు తేటపడ్డాక టీచరు కొంగుతో చేతులు తుడుచుకుని, పెద్దింటి అరుగు వైపు తిరిగి గట్టిగా అంది:

"సున్నం మీది, నీళ్లు మావి. కానివ్వండి, చూద్దాం!"