పొదుపూ అప్పూ ఒకే సంచిలో

దుర్గాంబను చంపింది జంగయ్య. గుండె వాల్వు చెడిపోయి చనిపోయిందని డాక్టర్లు రాశారు. పోలీసులు అసలేమీ రాయలేదు. వాళ్ల రాతలతో కృష్ణమోహన్‌కు పని లేదు. అతని భార్య తన డబ్బు తన చేతికి అందక చచ్చిపోయింది. ఆ డబ్బు జంగయ్య సంచిలో ఉంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

కృష్ణమోహన్, దుర్గాంబ తణుకు పక్క పల్లె నుంచి వచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో టిఫిను బండి పెట్టుకున్నారు. పిల్లలు లేరు. కోచింగ్ క్లాసులకు పోయే కుర్రాళ్లు హాస్టళ్ల నుంచి దిగి, బండి చుట్టూ నిలబడి తిని పోయేవారు. పక్క బండి దిలావర్‌ది. అతనూ అతని భార్య అతియా మిర్చి బజ్జీలు, సమోసాలు వేసేవారు. ఆ పక్కన మంగవ్వ జొన్నరొట్టెలు చేసేది.

రోజూ సాయంత్రం జంగయ్య బైకు మీద వచ్చేవాడు. బైకు దిగడు, ఇంజను ఆపడు. భుజాన తోలుసంచి. ప్రతి బండి దగ్గరా కాలు ఆనించి, ఆ రోజు పైసలు తీసుకుని కదిలేవాడు. ఏడాది నిండాక తన కమిషన్ పట్టుకుని మిగిలింది ఒక్కసారిగా ఇస్తానన్నది ఒప్పందం. సందులో దీన్ని పొదుపు అనేవారు. బ్యాంకు మెయిన్ రోడ్డు మీదే ఉంది. కానీ అది తెరిచే వేళకు వీళ్లు గిన్నెల దగ్గర ఉంటారు. పొయ్యి దగ్గరికే వచ్చి తీసుకుపోయే మనిషి ఉండగా బ్యాంకు మెట్లు ఎందుకెక్కాలి అనుకున్నారు. దుర్గాంబ కూడా అలాగే అనుకుంది. అక్కా అని పిలిచేవాడు కనుక నమ్మింది.

అదే జంగయ్య, అదే సంచిలోంచి, అదే సందులో వడ్డీకి అప్పులిచ్చేవాడు. పొదుపు దాచేవాడూ అప్పిచ్చేవాడూ ఒక్కడే కావడం ఎవరికీ తప్పుగా తోచలేదు. చదువరులకు తోచిందా? తోస్తే మంచిదే. మీ వీధిలోకి కూడా సాయంత్రాలు ఎవరైనా సంచితో వస్తున్నారేమో చూసుకోండి.

ఒక మధ్యాహ్నం పిండి రుబ్బుతూ దుర్గాంబ గోడకు ఒరిగిపోయింది. పంజాగుట్ట దగ్గరి ఆసుపత్రిలో చేర్చితే, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ముందు కొంత కట్టమన్నారు. వీళ్ల ఆరోగ్య కార్డు సొంత ఊళ్లోది, అక్కడ చెల్లలేదు. కృష్ణమోహన్ జంగయ్య మేడగదికి పరుగెత్తాడు. జంగయ్య భోజనం చేస్తున్నాడు. ముద్ద కలుపుతూనే అంతా విన్నాడు.

“నీ పైసలు యాడికి పోతయ్ అన్న, నా తాననే ఉన్నయ్. ఏడాది నిండనీ. గంత అర్జెంటైతే అప్పు ఇస్త. వడ్డీ మాత్రం ముందే పట్టుకుంట.”

తన డబ్బు తనకే వడ్డీకి. కృష్ణమోహన్ అతని ముందున్న కంచాన్ని తన్నాడు. అన్నం గోడకు కొట్టుకుంది. జంగయ్య మనుషులిద్దరు అతన్ని జుట్టు పట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు. మెట్టు మెట్టుకూ మొహం తగిలింది. పళ్లు రాలాయి. కింద పడ్డాక పక్కటెముకల్లో ఒకడు తన్నుతూనే ఉన్నాడు. ఇంకొకడు, చాల్లేరా, ముసలోడు చస్తాడు అన్నాక ఆగాడు. నెత్తురు కారుతూ ఆసుపత్రి గేటు చేరితే, సెక్యూరిటీ మనిషి అతనే రోగి అనుకుని స్ట్రెచర్ తెచ్చాడు. లోపల దుర్గాంబ మొహం మీద అప్పటికే గుడ్డ కప్పారు.

ఏడాది నిండింది. కృష్ణమోహన్ వెళ్లి అడిగాడు. కంచం తన్నినందుకు చెల్లయిపోయిందని జంగయ్య నవ్వాడు.

ఆ తర్వాత కృష్ణమోహన్ రెండు పనులు మొదలుపెట్టాడు.

మొదటిది, దాచడం. మినప్పప్పు, గ్యాసు, గది అద్దె పోగా అతనికి మిగిలేది ఏమీ లేదు. మిగిలాక దాద్దామంటే ఏనాడూ దాచలేడని తెలుసు. అందుకని మిగలకముందే తీశాడు. పొద్దున్నే బోణీ నోటును కళ్లకద్దుకుని పక్కన పెట్టడం, ఆ పూటకు దాన్ని ఎవరికీ ఇవ్వకపోవడం సందులో అందరికీ ఉన్న అలవాటే. అతను దాన్ని ఒక్క నోటు దగ్గర ఆపలేదు. మొదటి వాయి ఇడ్లీల డబ్బంతా ఒక డబ్బాలో వేశాడు. గ్యాసు అయిపోయినా ఆ డబ్బా ముట్టడు. చిల్లరకు కూడా ముట్టడు. వానపడి సగం వాయే అమ్ముడైతే సగమే వేసేవాడు, కానీ వెయ్యని రోజు లేదు. మధ్యాహ్నం బండి కడిగి, ఆ డబ్బు బ్యాంకులో వేసి వచ్చేవాడు. గడువు పెట్టి దాచే పథకాలేవో చెప్పబోయారు. వద్దన్నాడు. అడిగిన నిమిషాన చేతికి రావాలన్నాడు. ఆ ఖాతా కార్డు చొక్కా లోపలి జేబులో ఉండేది.

రెండోది, అట్లకాడ. దాని ఇనుప అంచును రాయి మీద నూరేవాడు. సాయంత్రం జంగయ్య బైకు పోతుంటే అతని మెడ వైపు చూసేవాడు. బ్యాంకులో డబ్బు పెరిగినట్టే ఆ అంచు పదునూ పెరుగుతూ పోయింది. రెంటిలో ఏది ముందు పనికొస్తుందని అడిగితే, అట్లకాడే అని చెప్పి ఉండేవాడు.

దిలావర్ అతన్ని ఏడిపించేవాడు. “ఏందన్న, బ్యాంకు మేనేజర్ నీ బామ్మర్దా? రోజు పోతున్నవ్.”

మంగవ్వ ఇంకో మాట అనేది. “ఒక్కనివి. ఎవ్వలకోసం కూడబెడుతున్నవ్ బిడ్డ?”

కృష్ణమోహన్ మంగవ్వ మాట విని డబ్బా మూత బిగించాడు. దిలావర్‌తో మాత్రం, “నీ డబ్బు నువ్వు అడిగి చూడు, ఇస్తాడేమో” అన్నాడు.

“జంగన్న మాకు ఇంటోని లెక్క అన్న. జర పెద్ద పొయ్యి కావాలంటే అప్పటికప్పుడు అప్పిచ్చిండు” అన్నాడు దిలావర్. ఆ అప్పు తన సొంత పొదుపులోంచే వచ్చిందని, దానికే తను వడ్డీ కడుతున్నాడని అతనికి అప్పటికీ తట్టలేదు.

వేసవిలో బ్యాచ్‌లు అయిపోయి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. బజ్జీలు మిగిలిపోయాయి. దిలావర్ అప్పు వాయిదాలు వరసగా కట్టలేకపోయాడు. నా పొదుపులోంచి పట్టుకో అన్నాడు. పొదుపు వేరు, అప్పు వేరు అన్నాడు జంగయ్య. సంచి మాత్రం వేరు కాదు.

ఒక సాయంత్రం జంగయ్య తన మనుషులిద్దరినీ వెంట తెచ్చాడు. బండి లాక్కుపొమ్మన్నాడు. పొయ్యి మండుతోంది, కడాయి నిండా నూనె కాగుతోంది. ఆపమని అతియా మొత్తుకుంది. దిలావర్ చక్రానికి అడ్డం పడ్డాడు. ఒకడు అతని వీపు మీద తన్నాడు, ఇంకొకడు బండిని గుంజాడు. చక్రం గుంటలో పడింది. కడాయి తిరగబడింది. కాగుతున్న నూనె అతియా భుజం మీద నుంచి కుడి చేతి మీదుగా వేళ్ల దాకా జారింది.

ఆ కేకకు సందు మొత్తం లేచింది.

అప్పటిదాకా తలవంచుకుని రోజూ పైసలిచ్చినవాళ్లే దొరికింది పట్టుకుని వచ్చారు. దిలావర్ జల్లిగరిటెతో ఒకడి చెవి చీల్చాడు. మంగవ్వ రొట్టెల పెనాన్ని రెండు చేతులా ఎత్తి ఇంకొకడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. వాళ్లిద్దరూ పాక్కుంటూ పారిపోయారు. జంగయ్య బైకు తిప్పబోతే ఎవరో వెనక నుంచి పట్టుకుని పడేశారు. వేడి సైలెన్సరు కింద కాలు ఇరుక్కుని అతను అరుస్తుంటే రాళ్లు పడ్డాయి, చెప్పులు పడ్డాయి, ఇటుక పడింది. నోరు చీలింది. ఒక కన్ను మూసుకుపోయింది. కొట్టేవాళ్లలో ఎవరూ మాట్లాడటం లేదు. ఊపిరి తీసే చప్పుడు, దెబ్బ పడే చప్పుడు, అంతే.

కృష్ణమోహన్ అట్లకాడతో వచ్చాడు. జనం అతనికి దారి ఇచ్చారు. “నీది ముందు లెక్క అన్న” అన్నారు ఎవరో, పెళ్లి పందిట్లో పెద్దమనిషిని ముందుకు పిలిచినట్టు. అతను జంగయ్య ఛాతీ మీద కాలు వేసి, నూరిన అంచు మెడకు ఆనించాడు. ఇన్నాళ్లూ చూసిన మెడ. అంచు దిగి నెత్తురు చుక్క లేచింది.

“పైసలిస్త అన్న” అన్నాడు జంగయ్య, నెత్తురు మింగుతూ. “అందరియి ఇస్త.”

కృష్ణమోహన్ చెయ్యి పైకెత్తాడు. అప్పుడు అతనికి అతియా కనిపించింది.

ఆమె మురుక్కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. దుపట్టా చర్మానికి అంటుకుపోయింది. ఏడవడం లేదు. కాలిన చేతిని మొహం ముందు పెట్టుకుని, చిన్నపిల్ల పాలు చల్లార్చుకున్నట్టు, ఊదుకుంటోంది. పక్కన ఒక్కరు లేరు. ఆమె మొగుడితో సహా సందులో ఉన్న చేతులన్నీ ఇక్కడ రాళ్లు పట్టుకుని ఉన్నాయి. రాయి పడేస్తే ఆ చేతుల్లో ఏముంది? ఆటో కిరాయి ఉంటుందేమో. దుర్గాంబ కూడా ఇలాగే ఒక్కతే పడి ఉండగా తను కంచం తన్నుతున్నాడు.

కాలు తీశాడు. క్షమించి కాదు. టైము లేక.

మంగవ్వ బండి దగ్గరున్న తాగునీళ్ల బిందె ఎత్తి అతియా చేతి మీద ధారగా పోశాడు. జనంలోకి వెళ్లి దిలావర్‌ను కాలరు పట్టి బయటకు లాగాడు. దిలావర్ ఇంకా కొట్టాలని గింజుకుంటే చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. ముగ్గురూ ఆటోలో సోమాజిగూడలోని ఆసుపత్రికి చేరారు. కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టమన్నారు. దిలావర్ నెత్తుటి పిడికిలితో బల్ల గుద్దాడు, అరిచాడు, చంపుతానన్నాడు. సెక్యూరిటీవాళ్లు ముగ్గురొచ్చి అతని చేతులు వెనక్కి విరిచారు. ఆ పెనుగులాట జరుగుతుండగానే కృష్ణమోహన్ లోపలి జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అతియాను లోపలికి తీసుకుపోయారు.

ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పింది. చెయ్యి నిలిచింది. రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు.

జంగయ్య బతికాడు. అతని మీద కేసు నడుస్తోంది. కొట్టినందుకు దిలావర్ మీదా, మంగవ్వ మీదా నడుస్తోంది. సంచిలో ఆ రోజు దొరికింది చిల్లర. సందువాళ్ల పొదుపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అన్ని దెబ్బలు కొట్టినా ఒక్కరి చేతికీ ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

అతియా ఇంటికొచ్చిన వారం, బళ్లవాళ్లంతా మంగవ్వ బండి దగ్గర చేరారు. దిలావర్ కృష్ణమోహన్ కాళ్లు పట్టుకోబోయాడు. కృష్ణమోహన్ వెనక్కి జరిగాడు.

“కాళ్లు వద్దు. డబ్బు తిరిగి కట్టు. వడ్డీ వద్దు, నా ఖాతాలోనే కొద్దికొద్దిగా వెయ్యి. రేపు ఇంకొకరికి కావాలి” అన్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు. “జంగయ్యను తిట్టండి, నేనూ తిడతాను. కానీ వాడి సంచి నింపింది మనమే. అప్పిచ్చేవాడి చేతిలో పొదుపు పెట్టొద్దు. పది రూపాయలే కానీ, ఖర్చవకముందే తీసి, మీ పేరున, అడగ్గానే చేతికొచ్చే చోట దాచుకోండి. ఆపద రోజున కోపం అందరి దగ్గరా ఉంటుంది. దాన్ని ఆసుపత్రిలో ఎవరూ తీసుకోరు.”

దిలావర్ మెల్లగా అన్నాడు. “అన్న, వదిన సంగతి సుత పోలీసులకు చెప్పు. కేసు గట్టిగైతది. కొత్తగ బండి పెట్టెటోళ్లకు సుత తెలుస్తది.”

“ఏంటి చెప్పేది?” అన్నాడు కృష్ణమోహన్. “దుర్గాంబను వాడు చంపాడు. చెప్పాను కదా. ఇంక ఆ పేరు నా ముందు ఎవరూ ఎత్తొద్దు. ఎత్తినా నేను పలకను.”

తర్వాత పోలీసులు వచ్చి అడిగారు. వకీలు అడిగాడు. ఆమె పోతున్న వేళ తను ఎక్కడున్నాడో అతను వాళ్లెవరికీ చెప్పలేదు. అతియా ఒకసారి కాలిన చేత్తో టీ గ్లాసు తెచ్చి ఇచ్చి, ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చుంది. అతను టీ తాగి, గ్లాసు తిరిగిచ్చి, లేచి వెళ్లిపోయాడు.