మూత మీద త్రికోణం

రామమోహనరావు చేసినవాటిలో శేషగిరి మిగతావన్నీ మరిచిపోతాడేమో గానీ, రెజైనా నుంచి వచ్చిన ముసలాయన ఎదుట తనను నిలబెట్టి, ఏడో తరగతితో బడి మానేసినవాడికి గుర్తులేం తెలుస్తాయన్న ఆ ఒక్క మాట మాత్రం మరిచిపోడు. అసలు గుర్తులు తెలియనిది రామమోహనరావుకే. అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అది పోయాక కెనడాలోని సస్కటూన్ వచ్చి, పాత మిలిటరీ సామాను అమ్మే దుకాణం కొన్నాడు. ఆరేళ్లయినా రష్యన్ తుపాకీని ఏ వైపు నుంచి చూడాలో తెలియదు. చూసేదంతా దాని మీద అంటించిన ధర చీటీనే.

తుపాకులు పెట్టెకు పది చొప్పున వచ్చేవి. డెబ్భై ఏళ్ల నాటివి, చుట్టూ గోధుమరంగు గ్రీజు బంకలా పట్టి ఉండేది. దాన్ని వేడినీళ్లతో, కిరోసిన్‌తో వదలగొట్టి, ఏ ఫ్యాక్టరీదో తేల్చడం శేషగిరి పని. తుపాకీ ఒంటిని పైన కప్పే ఇనుప మూత మీద నక్షత్రం, అందులో బాణం ఉంటే తూలాది. వలయంలో త్రికోణం ఉంటే ఇజెవ్‌స్క్‌ది. ఆ ఫ్యాక్టరీ ఈ రకాన్ని రెండేళ్లే చేసింది, అందుకని త్రికోణానికి ధర ఎక్కువ. చిన్న చతురస్రం, దానికి అడ్డంగా గీత ఉంటే, ఆ తుపాకీ మరమ్మతు డిపోకి వెళ్లి వచ్చిందని అర్థం. ఆ డిపోల్లో అన్నిటినీ విప్పి, మూతలొక కుప్ప, గొట్టాలొక కుప్ప పోసి, చేతికందింది బిగించేవారు. పాత నంబరు అరగదీసి, కొత్త నంబరు కొట్టేవారు.

ఇదంతా శేషగిరికి పుస్తకం చదివి తెలిసింది కాదు. విజయవాడలో రవాణా ఆఫీసు ఎదురుగా పందొమ్మిదేళ్లు లారీల ఛాసిస్ నంబర్లకు పెన్సిల్ ప్రింట్లు తీశాడు. నంబరు మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ను ఏటవాలుగా పట్టుకుని రుద్దితే అంకెలు తేలతాయి. దొంగ లారీ అయితే కొత్త అంకెల కింద పాతవాటి నీడ కూడా తేలుతుంది. కంటికి కనపడనిది కాగితం మీదకు వస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు కూడా పిలిచి అడిగేవారు, ఇది సొంత నంబరేనా శేషగిరీ అని.

సెప్టెంబరులో వచ్చిన పెట్టెల్లో నాలుగు త్రికోణాలు దొరికాయి. రెంటికి ప్రింటు తీస్తే మూత మీది నంబరు కింద ఇంకో నంబరు తాలూకు నీడ తేలింది. అంటే ఇజెవ్‌స్క్ మూతను దేనికో తగిలించారు. ఆ మూత తన సంగతి చెబుతుంది గానీ, కింద ఉన్న తుపాకీ సంగతి చెప్పదు.

"రావుగారూ, ఈ రెండూ మూతొకటి, ఒళ్లొకటి. కలిపి బిగించినవని రాయించండి," అన్నాడు.

"మూత మీద త్రికోణం ఉందా, లేదా?"

"ఉంది."

"ఉన్నదే రాస్తున్నాం కదయ్యా. మధ్యలో నీకేంటి నొప్పి?"

వెబ్‌సైట్‌లో రాసేది రిషిత. హనుమకొండ నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో చదువుకుంటూ, పార్ట్‌టైమ్‌గా కౌంటర్ చూసుకునే పిల్ల. శేషగిరి చెప్పినట్టే ముందు రాసింది. రామమోహనరావు దాన్ని చెరిపించి, అన్నీ ఒరిజినల్ భాగాలేనని రాయించాడు.

శేషగిరి వర్క్ పర్మిట్ డిసెంబరు తొమ్మిదితో అయిపోతుంది. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేయాలంటే రామమోహనరావు సంతకం పెట్టిన లెటర్ కావాలి. ఆ లెటర్ వేసవి నుంచీ వచ్చే సోమవారమే వస్తోంది. గట్టిగా అడిగితే రామమోహనరావు సొరుగు లాగి, రెజ్యూమెల కట్ట చూపించేవాడు. ఆ ఏడాది ఊళ్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడుగురు, ఎనిమిదిమంది ఉండేవారు, ఏ పనైనా చేస్తామని తిరిగేవారు. "నీ జీతంలో సగానికి ఇద్దరొస్తారు, అదీ డిగ్రీలున్నవాళ్లు," అనేవాడు నవ్వుతూ.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం రెజైనా ముసలాయన, కొన్న తుపాకీని పెట్టెలో పెట్టుకుని రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. జేబులో భూతద్దం. మూత మీది అంకెలు ఒక అచ్చువి, ఒంటి మీదివి ఇంకో అచ్చువి అని వేలుపెట్టి చూపించి, దీన్ని ఒరిజినల్ అని చెప్పిందెవరని అడిగాడు. అరవలేదు. రామమోహనరావు మాత్రం లోపలికి అరిచి శేషగిరిని పిలిపించాడు. చేతులకు గ్రీజుతోనే వచ్చి నిలబడ్డాడు. అప్పుడే రామమోహనరావు ఆ మాట అన్నాడు, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో కూడా, ఎక్కడ అర్థం కాకుండా పోతుందోనని.

ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "సారీ చెప్పి లోపలికి పో. సోమవారం లెటర్ నీ చేతిలో ఉంటుంది. ఈసారి నిజంగానే."

శేషగిరి ముసలాయన వైపు చూశాడు. తను ముందే చెప్పానని, రాసినదాన్ని చెరిపించింది ఈయనేనని తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో చెప్పమ్మా అని రిషితను అడిగాడు. ఆ పిల్ల రామమోహనరావు మొహం చూసింది. తర్వాత కంప్యూటర్ చూస్తూ ఏదో అంది. అంత చదువు లేకపోయినా శేషగిరికి అందులో సారీ అన్న మాట తెలిసింది.

ఆ పిల్ల మీద కోపం రాలేదంటే అబద్ధం. ఫీజు కట్టాలి, అద్దె కట్టాలి, నిజమే. ఆ రెండూ తనకు మాత్రం లేవా?

కౌంటర్ మీదున్న బిల్లు పుస్తకంలోంచి ఒక పల్చటి కాగితం చింపాడు. మూత మీద పరిచి, పెన్సిల్‌ను వాల్చి రుద్దాడు. రుద్దడం సమంగానే సాగింది. అంకెలు తేలాయి. వాటి వెనకాల పాతవి, ఒక ఏడు, ఒక మూడు, సగం సున్నా, బూడిదరంగులో తేలాయి. కాగితం ముసలాయన చేతికిచ్చి, తన గుండె మీద వేలుపెట్టి, "ఐ టోల్డ్," అన్నాడు. ఆ వేలితోనే రామమోహనరావును చూపించి, "హి నో," అన్నాడు.

ముసలాయన భూతద్దంతో కాగితాన్ని చాలాసేపు చూశాడు. శేషగిరి గ్రీజు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. డబ్బు వెనక్కి తీసుకుని, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక రామమోహనరావు కేకలేమీ వేయలేదు. సోమవారం నుంచి రావద్దన్నాడు, లెటర్ సంగతి కూడా మరిచిపొమ్మన్నాడు.

"అయితే పర్మిట్‌కని నా దగ్గర తీసుకున్నది తిరిగిచ్చెయ్యండి," అన్నాడు శేషగిరి.

"ఏం తీసుకున్నాను? ఎక్కడ రాసుంది?"

ఎక్కడా రాసి లేదు. ఈ దేశంలో ఉద్యోగం అమ్మడం నేరం, అందుకని ఆయన ఒక్క కాగితం కూడా పుట్టనివ్వలేదు. శేషగిరి పెట్టిన సంతకాలన్నీ నూజివీడు రిజిస్ట్రార్ ఆఫీసులో, రామమోహనరావు బావమరిదికి అమ్మినట్టుగా జరిగాయి. అక్కడ వేలిముద్రలతో సహా అన్నీ సక్రమంగా ఉన్నాయి: ఎకరం నలభై రెండు సెంట్ల మామిడితోట, బోరుతోనూ, కాపు మీదున్న నలభై ఆరు చెట్లతోనూ కలిపి.