ఉదయశ్రీ ప్రతిపాదించిన సవరణ

పెసరట్లలోకి అల్లం తరుగుతూ ఉదయశ్రీ హాల్లోంచి వస్తున్న మాటలు వింటోంది. అక్కడ ఆమె భర్త వీరరాఘవయ్య, పార్టీ కార్యదర్శి పట్టాభి కూర్చుని ఉపన్యాసం తయారుచేస్తున్నారు. వచ్చే వారం రాజ్యసభలో ఆ ఉపన్యాసం ఇవ్వవలసింది మాత్రం ఆమె.

"ఓసారి మేడమ్‌కి వినిపిద్దామాండీ?" అన్నాడు పట్టాభి.

"ఆవిడకెందుకయ్యా! కాగితం చేతికిస్తే చదివేస్తుంది. ఇన్నేళ్లూ పెద్ద ఉపన్యాసాలన్నీ మనం రాసినవేగా. ఉదయా, అట్లేమయ్యాయి? ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వెయ్యి."

ఇంట్లో వంటమనిషి ఉంది. అయినా వీరరాఘవయ్యకి పెసరట్టు భార్య చేతిదే కావాలి. "మా ఆవిడ ఎంపీ అయినా అట్టు తనే వేస్తుంది" అని చెప్పుకోవడం ఆయనకి సరదా. వచ్చినవాళ్లు ముచ్చటపడిపోయేవారు. తాను తిన్న పళ్లెం తీసి సింకులో పెట్టినవాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు. దేశాన్ని నడుపుతామనేవాళ్లకి పళ్లెం వంటింటి దాకా నడిపించడం చేతకాదు అనుకుంది ఉదయశ్రీ, పెనం మీద నీళ్లు చిలకరిస్తూ.

హైదరాబాదు ఎర్రగడ్డలో పుట్టిన మల్లమ్మని మద్రాసు తీసుకెళ్లి, ఉదయశ్రీ అని పేరు మార్చి, హీరోయిన్ని చేసి, ఆ తర్వాత పెళ్లి చేసుకున్నది సినిమా నిర్మాత అయిన ఈ వీరరాఘవయ్యే. సినిమాల్లో మొహం ఆమెది, గొంతు వేరెవరిదో. "నువ్వు నోరు తెరిస్తే టికెట్ డబ్బులు వెనక్కివ్వాలి" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, నలుగురూ నవ్వేవారు. ఇంట్లో కూడా ఆమె తెలంగాణ యాస వినపడకూడదని అత్తగారు శారదాదేవి ఆజ్ఞ. "వచ్చిండు, పోయిండు ఏంటమ్మా, అంట్లు తోమేదానిలా! పిల్లాడికి అంటుకుంటుంది" అనేది. పిల్లాడు బాబీకి యాస అంటలేదు. తండ్రి బద్ధకం మాత్రం నిండుగా అంటింది.

పరిశ్రమ హైదరాబాదుకి తరలివచ్చాక జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టించి ఇల్లు కట్టుకున్నారు. అటు మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. పార్టీకి ఓ సినిమా మొహం కావలసి వచ్చింది. వీరరాఘవయ్య ఆ రాజ్యసభ సీటు తనకే అడిగాడు. "మీ మొహం చూడ్డానికి ఎవరొస్తారండీ" అన్నారు వాళ్లు. అలా ఆమె ఎంపీ అయింది. ఆయన ఎంపీగారి భర్త అయ్యాడు. ఆ పదవిలో ఆమె లెటర్‌హెడ్డు మీద ఆమె సంతకం ఆమెకంటే అందంగా పెట్టడం నేర్చుకున్నాడు.

మొదటి ఏడాది ఉదయశ్రీ సభలో నోరు విప్పలేదు. పత్రికలు ఆమె ఏ రంగు చీర కట్టిందో రాశాయి. రెండో ఏడాది, ఎవరో చెప్పినప్పుడు చెయ్యెత్తి దించే ఆ పని మీద ఆమెకే రోత పుట్టింది. పార్లమెంటు లైబ్రరీకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె అడిగిన తొలి ప్రశ్న, అవుట్‌డోర్ షూటింగుల్లో జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు ఎక్కడ బట్టలు మార్చుకోవాలి, కార్మికశాఖ ఏం చేస్తోంది అని. మంత్రి నవ్వాడు. వెనకనుంచి ఓ పెద్దమనిషి "ఇది స్టూడియో కాదమ్మా" అన్నాడు. తర్వాతి సమావేశాల్లో మళ్లీ అదే అడిగింది. కార్మిక వ్యవహారాల కమిటీలో వేస్తే ఫ్యాక్టరీలు తిరిగి, మరుగుదొడ్లు లేని చోటల్లా ఆ సంగతి నివేదికలో పెట్టించింది.

"ఢిల్లీ వెళ్లి దొడ్ల గురించి మాట్లాడతావేంటి? ఫిల్మ్ నగర్ క్లబ్బులో తల ఎత్తుకోలేకపోతున్నాను" అన్నాడు వీరరాఘవయ్య. ఆయన తల ఎత్తినా దించినా చూసేవాళ్లెవరూ లేరన్న సంగతి ఆమె చెప్పలేదు. అంత శ్రమ ఆయన కోసం పడాలనిపించలేదు.

ఇప్పుడు వచ్చిన బిల్లు, ఆడవాళ్లని రాత్రి షిఫ్టుల్లో పెట్టుకోవడానికి కంపెనీలకి వీలు కల్పించేది. పార్టీ దాన్ని పొగడమంది. మాదాపూర్‌లో కట్టిన కొత్త బిల్డింగుని అలాంటి కంపెనీకే అద్దెకివ్వబోతున్నాడు కాబట్టి వీరరాఘవయ్య ఇంకా గట్టిగా పొగడమన్నాడు.

కోడలు నిహారిక అలాంటి రాత్రి షిఫ్టు ఉద్యోగమే చేస్తోంది. కిందటి నెల కంపెనీ క్యాబ్ డ్రైవర్ టైమయిందంటూ ఆమెని తెల్లవారకముందే ఫిల్మ్ నగర్ మలుపులో దించేసి పోయాడు. బైకు మీద ఇద్దరు వెంటపడితే చెప్పులు చేతపట్టుకుని ఇంటిదాకా పరిగెత్తుకొచ్చింది. కంపెనీవాళ్లు, గేటు దాటాక మా బాధ్యత కాదన్నారు. బాబీ మంచం మీంచి లేవకుండానే, "మానెయ్యమంటే వినవు కదా. సరే, ఎలాగూ లేచే ఉన్నావు, కాఫీ పెట్టు" అన్నాడు. గుమ్మంలో నిలబడి ఆ మాట విన్న ఉదయశ్రీకి కొడుకు మీద కోపం కూడా రాలేదు. కోపానికి తగిన మనిషైనా కావాలి కదా.

సవరణ నోటీసు ఆమె స్వయంగా రాసి ఇచ్చింది. రాత్రి పని చేయించుకునే కంపెనీ ఉద్యోగినిని ఇంటి గుమ్మం దాకా చేర్చాలి, దారిలో ఏం జరిగినా జవాబు చెప్పాలి. తెలుగులో మాట్లాడతానని, అనువాదకుణ్ణి ఏర్పాటు చేయమని కూడా ముందే తెలియజేసింది.

ఆ రోజు సభలో లేచి నిలబడి, హాల్లో తయారైన ఉపన్యాసాన్ని బల్ల మీదే వదిలేసింది.

"అధ్యక్షా, రాత్రి పని వద్దంటలేను. ఆడోళ్లు రాత్రి పని ఎన్నడు చెయ్యలె? పిల్లగాడు ఏడిస్తే లేచిందెవరు? మామకు దగ్గొస్తే లేచిందెవరు? గా షిఫ్టుకు జీతం గురించి ఏ సర్కారు బిల్లు తెచ్చింది? కంపెనీకి పిల్ల పని కావాలె, గా పిల్ల ఇల్లు చేరుడు మాత్రం వాళ్ల ఫికర్ కాదంట! దర్వాజ దాకా దించుండ్రి. గంతే అడుగుతున్న."

ముందు వరసలోంచి ఆమె పార్టీ నాయకుడు కూర్చోమని సైగ చేస్తూనే ఉన్నాడు. ఈగ తోలుకుంటున్నాడేమో అన్నట్టు చూసింది ఉదయశ్రీ. సవరణ ఉపసంహరించుకోమని మంత్రి మర్యాదగా కోరాడు.

"వాపస్ తీసుకోను. కాదనేటోళ్లు నోరు తెరిచి కాదనుండ్రి. ఇంటికాడ మీ బిడ్డలు గూడ వింటరు."

నోరు తెరిచి కాదన్నారు. మూజువాణి ఓటులో సవరణ వీగిపోయింది. అందరికంటే గట్టిగా కాదన్నవి ఆమె పక్క సీట్లే.

ఇంటికొచ్చేసరికి వీరరాఘవయ్య ఎర్రబడి ఉన్నాడు. "ఏంటా భాష? దేశమంతా చూసింది!"

"చూడనీండ్రి. నేనెట్ల మాట్లాడ్తనో ఇన్నేండ్లకు తెలిసింది."

ఆయన విసురుగా లేచి గదిలోకి పోయాడు. నిహారిక మాత్రం ఆ రోజు అత్తగారి పక్కన కూర్చుని, సభలో అన్న మాటలన్నీ మళ్లీ చెప్పించుకుని వింది.

పదవీకాలం ముగిసింది. మేడమ్ అలసిపోయారు, విశ్రాంతి కోరుకుంటున్నారు అని పార్టీ ప్రకటించింది. ఆ విశ్రాంతి సంగతి ఆమెకి టీవీలో తెలిసింది. సీటు వీరరాఘవయ్యకిచ్చారు. బిల్డింగు అద్దెకి తీసుకున్న కంపెనీ పెద్దలు దండలతో వచ్చారు.

"సీటు మనింట్లోనే ఉందిగా! ఎవరు కూర్చుంటే ఏంటి?" అన్నాడాయన, కొత్త ఖద్దరు జుబ్బా సర్దుకుంటూ. "నామినేషన్‌కి బయల్దేరేటప్పుడు గుమ్మంలో హారతివ్వు. కెమెరాలవాళ్లని పిలిచాను. కాస్త నవ్వుతూ ఉండు, ఏం మాట్లాడకు."

ఆ ఉదయం గుమ్మం నిండా కెమెరాలే. ఉదయశ్రీ చేతిలో హారతి పళ్లెం లేదు. వీరరాఘవయ్య ఓసారి ఇటు, ఓసారి అటు చూసి, ఏమీ ఎరగనట్టు తనే నవ్వుతూ మెట్లు దిగాడు. ఓ విలేకరి మైకు ఆమె ముందు పెట్టాడు.

"మేడమ్, ఈ ఎన్నికలో మీ ఓటు మీవారికేనా?"

"రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఓటేస్తరు బిడ్డా, పెండ్లాలు కాదు" అంది ఉదయశ్రీ. కారు తలుపు పట్టుకున్న వీరరాఘవయ్య గబగబా తల తిప్పాడు. "అసెంబ్లీ ఎన్నికలొస్తున్నయి గద. గీడ్నుంచే నిలబడ్తున్న, ఏ పార్టీ లేకుంట. ఆయన ఓటు గూడ గీ కాలనీలనే ఉన్నది. నాకేస్తడో లేదో జర అడుగుండ్రి."

మైకులన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి.