నాలుగు గంటలావిడ

మా ఇంట్లో ఒక సోఫా ఉంది. ఊళ్ళో ఎవరైనా వచ్చి దాని మీద పడుకోవచ్చు, నేను తప్ప. దుమ్ము దులిపేది నేను, దిండు గలీబు మార్చేది నేను, కింద పడిన తలపిన్నులు ఏరి గాజు గిన్నెలో వేసేది నేను. పడుకునేది మాత్రం వాళ్ళు.

మా ఆయన మనసు డాక్టరు. మాత్రలు రాసే రకం కాదు, మాటలు వినే రకం. పేషెంటు సోఫా మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ నోటికి వచ్చింది చెబుతుంటే, ఆయన తల వెనక కుర్చీలో కూర్చుని వింటాడు. ఇంటి ముందు గదే క్లినిక్. గోడకు అవతల సోఫా, ఇవతల నా వంటగది. మాటలు వినపడవు, గొంతులు వినపడతాయి. మాటలు కూడా వినపడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

వచ్చేవాళ్ళలో నాలుగు గంటలావిడ ఒకతి ఉంది. పేరు నాకు తెలియదు, ఆయన చెప్పడు. పేషెంట్లు పక్క సందులోంచి వచ్చి ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోతారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా దిండు మీద పడిన గుంట, గలీబుకు అంటిన సెంటు వాసన, గోడలోంచి వచ్చే నవ్వు. కాసేపు కిలకిలా నవ్వుతుంది. కాసేపు ఏడుస్తుంది. మళ్ళీ నవ్వుతుంది. ఆ నవ్వు వినపడినప్పుడల్లా నా చేతిలో గిన్నె కాస్త గట్టిగానే సింకులో పడేది.

ఉన్నమాట చెప్పడానికి నాకేం సిగ్గు? కుళ్ళు. పచ్చి కుళ్ళు. ఆవిడ అందం మీద కాదు, అసలు ఆవిడ ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఆయన మీద అనుమానమూ కాదు, అంత చొరవే ఉంటే నా పుట్టినరోజైనా గుర్తుండేది. ఆయన ఆవిడ మాట వింటాడు. గంటసేపు, గడియారం వంక చూడకుండా, చెవులప్పగించి వింటాడు. అదీ నా కడుపుమంట.

ఇక నా సంగతి. భోజనాల దగ్గర కూర్చుంటాం. నేనేదో చెబుతాను. "ఊఁ" అంటాడు. ఇంకోటి చెబుతాను. "ఊఁ." ఇల్లు తగలబడుతోందన్నా "ఊఁ" అనేటట్టే ఉంటాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, దానికి కనీసం చెవులున్నట్టు నటించే అలవాటు లేదు.

పెళ్ళైన కొత్తలో ఇలా ఉండేవాడు కాదు. తన చదువంతా నాకు కథల్లా చెప్పేవాడు. నూరేళ్ళకు ముందు ఎక్కడో నరాల డాక్టరు ఒకాయన ఉండేవాడట. ఆయన దగ్గరికి వచ్చే కొందరికి చెయ్యి పడిపోయి ఉండేది, గొంతు పోయి ఉండేది, ఒంట్లో చూస్తే రోగం దొరికేది కాదు. మొదట్లో వాళ్ళకు మగత నిద్ర తెప్పించి అడిగేవాడట. తర్వాత ఒక పేషెంటు విసుక్కుంది, 'అస్తమానం ప్రశ్నలు వెయ్యకండి, నన్ను చెప్పనివ్వండి' అని. ఆయన నోరు మూసుకుని వినడం నేర్చుకున్నాడు. రోజంతా ఒకరు తన మొహంలోకి చూస్తుంటే భరించలేక, సోఫా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఈ వైద్యం అలా పుట్టిందట.

"అంటే ఒక ఆడది కసిరితే పుట్టిన శాస్త్రమన్నమాట" అన్నాను నేను. మా ఆయన పడీ పడీ నవ్వాడు. అప్పట్లో నా మాటకు నవ్వేవాడు.

మనిషిలో ముగ్గురు కాపురం ఉంటారని కూడా చెప్పాడు. పుస్తకాల్లో వాళ్ళకు పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ, మేము ఇంటి పేర్లు పెట్టుకున్నాం. ఒకడు చంటివాడు, కావాలంటే ఇప్పుడే కావాలి, లేకపోతే కాళ్ళు నేలకేసి కొడతాడు. ఒకడు బెత్తం పట్టుకున్న మాస్టారు, అమ్మానాన్నలు తిట్టిన తిట్లన్నీ కంఠతా పట్టి, దేనికైనా 'తప్పు' అంటాడు. మధ్యలో పాపం గుమాస్తా, ఇద్దరికీ నచ్చజెప్పి బయట ప్రపంచంతో పని జరిపించుకోవాలి. మనకు ఇష్టం లేని జ్ఞాపకాలన్నీ పారేశామనుకుంటాం గానీ, పారెయ్యం, అటక ఎక్కిస్తాం. అవి అక్కడ్నుంచే చప్పుడు చేస్తుంటాయి, మనమేమో ఎలుకలనుకుంటాం. ఇవన్నీ విని, ఎంత బాగా చెబుతాడో మా ఆయన అని మురిసిపోయాను. పేషెంట్లు పెరిగారు. ఆ కథలు చెప్పడం ఆగిపోయింది.

అన్నిటికంటే పెద్ద సవతి ఆ సందు తలుపు బెల్లు. అది మోగిందంటే ఆయన లేస్తాడు, అంతే. నోట్లో ముద్ద ఉన్నా లేస్తాడు. మా నాన్న పోయారని ఫోను వచ్చిన రోజు నేను ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాను. బెల్లు మోగింది. నా తలను మెల్లిగా కుర్చీకి ఆనించి, "గుమ్మంలో నిలబెట్టకూడదు, వాళ్ళకది చాలా పెద్ద దెబ్బ" అని వెళ్ళాడు. నాది ఏ దెబ్బో ఆయన అడగలేదు.

ఇంతకీ నేను దంతాల ల్యాబులో పనిచేస్తాను, మూడింటికల్లా ఇంటికి వచ్చేస్తాను. కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. మైనం మీద పళ్ళు పేర్చి, చిగుళ్ళ రంగు కలిపి, అరగదీసి నున్నగా చేస్తాను. నా చేతి పళ్ళతో ఈ ఊళ్ళో ఎంతమంది నవ్వుతున్నారో. ఆ మధ్య మా ల్యాబు యజమానురాలు పిలిచి, "సముద్రం పక్క ఊళ్ళో కొత్త ల్యాబు తెరుస్తున్నా. నువ్వే నడపాలి, అక్కడే ఉండాలి. శుక్రవారం సాయంత్రానికి ఏ సంగతీ తేల్చి చెప్పమ్మా" అంది. మా అమ్మాయి హాస్టల్లో ఉంది. ఇక్కడ నన్ను పట్టి ఉంచేది ఒక్క మనిషే.

ఆ మాట నోట్లో పెట్టుకుని వారమంతా తిరిగాను. ఎప్పుడెత్తినా "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. వెళ్ళమన్నా సరే, వద్దన్నా సరే, నాకు ఏదో ఒక మాట కావాలి. 'ఊఁ' అన్నాడో, పెట్టె సర్దుకోవడమే. అలా గట్టిగా నిశ్చయించుకున్నాను.

శుక్రవారం ల్యాబుకు సెలవు పెట్టాను. మధ్యాహ్నం క్లినిక్ ఫోను మోగింది. నాలుగు గంటలావిడ. "నాలుగు గంటలకు రావాలండీ, జ్వరం, ఇవాళ రాలేను. డాక్టరు గారికి చెబుతారా?" ఆ గొంతుకు జలుబు కూడా ముద్దుగా ఉంది, ఏం చెప్పను! మనసులో మాత్రం గంతులేశాను. ఒక గంట! ఖాళీగా! ఆయన భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే చెప్పాను.

"ఆవిడ రావట్లేదట. జ్వరమట. ఆ టైములో మనం మాట్లాడుకుందాం."

"లేదు, ఆ గంట ఆవిడది" అన్నాడు టవలుతో చేతులు తుడుచుకుంటూ.

"ఆవిడ రావట్లేదంటున్నాగా."

"రాకపోయినా ఆవిడదే. నేను అక్కడ కూర్చోవాలి. మనసు మారి వచ్చిందనుకో, నేను లేకపోతే ఎలా? మా పని అంతేనోయ్."

నాలుగయ్యేసరికి నిజంగానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వంటగదిలో నిలబడి విన్నాను. నవ్వు లేదు, ఏడుపు లేదు. కుర్చీ మాత్రం ఒకసారి కిర్రుమంది. ఎవరూ లేని సోఫా వెనక కూర్చున్నాడు మహానుభావుడు! మనిషి మీద కుళ్ళుకోవచ్చు, ఖాళీ సోఫా మీద ఏమని కుళ్ళుకోను? అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళి, చెప్పులతో సహా ఆ సోఫా మీద పడుకున్నాను.

"ఏంటిది?"

"పడుకున్నాను."

"లే. సొంతవాళ్ళ మాట ఇక్కడ వినకూడదు. అది మా రూలు."

"అంటే మీరు నా మాట వినాలంటే నేను పరాయిదాన్ని అవ్వాలా?"

ఆయన లేచి బయటికి వెళ్తాడని ఎదురుచూశాను, వెళ్ళలేదు. ఇంకేం, నోరు తెరిచాను. ఏళ్ళ తరబడి కూడబెట్టిందంతా దులిపేశాను. భోజనాలు, పుట్టినరోజులు, బెల్లు, మా నాన్న పోయిన రోజు, అన్నీ. అలిసిపోయి ఆగితే, నా తల వెనక నుంచి మెల్లిగా వినపడింది.

"ఊఁ."

ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ కూడా ఊఁ యేనా? ఆవిడతో ఏం మాట్లాడతారు మరి?"

"ఏం మాట్లాడను. ఇదే."

"కిలకిలా నవ్విస్తారుగా?"

"నేను నవ్వించను. ఆవిడే నవ్వుకుంటుంది."

ఇన్నాళ్ళూ మంచి మాటలన్నీ ఏరి ఆవిడకు వడ్డించి, నాకు గిన్నె అడుగున మిగిలింది పెడుతున్నాడనుకుని ఏడ్చాను. ఆవిడకూ ఊఁ యేనా! ఆవిడా ఈ పైకప్పు మీద తేమ మరకనే చూస్తూ, ఈ ఊఁ కోసమేనా సెంటు పూసుకుని వచ్చేది! నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే, ఎక్కడ్నుంచి ఊడిపడిందో, మా నాన్న కొట్టు గుర్తొచ్చింది.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల మీదకు వంగి ఉండేవాడు. నేను బడి నుంచి వచ్చి కబుర్లు చెబితే, తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. మా చెల్లి వస్తే మాత్రం భూతద్దం తీసి, దాన్ని బల్ల మీద కూర్చోబెట్టుకునేవాడు. ముళ్ళూ చక్రాలూ పక్కకు జరిపి మరీ. అది కిలకిలా నవ్వేది. నేను గుమ్మంలో నిలబడి, అది ఆ బల్ల మీంచి పడితే బాగుండని కోరుకునేదాన్ని. ఇది నేనెవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా. పైకప్పు మీది మరకకు చెప్పాను.

"ఆ నాలుగు గంటలావిడ నవ్వుకూ మా చెల్లి నవ్వుకూ తేడా లేదండీ" అన్నాను. "నేను ఇన్నేళ్ళూ ఎవరి మీద ఏడ్చానో నాకే తెలియలేదు."

వెనక నుంచి ఊఁ రాలేదు. నా కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అప్పుడు చెప్పాను, సముద్రం పక్క ఊరు, కొత్త ల్యాబు, ఈ సాయంత్రమే చెప్పాల్సిన జవాబు. చెప్పి కళ్ళు మూసుకున్నాను. ఊఁ అంటాడు, లేచి వెళ్ళి పెట్టె దించుతాను, అయిపోతుంది అనుకున్నాను.

సందు తలుపు బెల్లు మోగింది. ఐదు గంటల పెద్దమనిషి. టంచనుగా వస్తాడు, మెట్ల మీద గొంతు సవరించుకుంటాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. లేచాడు. ఎప్పుడూ లేచినట్టే లేచాడు. కానీ అడుగులు తలుపు వైపు వెళ్ళలేదు. కుర్చీ ఈడ్చుకుంటూ ముందుకు వచ్చి, నాకు కనపడేలా వేసుకుని కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన మొహం నేను అలా చూడడం అదే మొదలు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేను చెప్పొచ్చా?" అన్నాడు.

"చెప్పండి."

"'అది తన పని, తన చేతి విద్య, వద్దనడానికి నువ్వెవరు?' అంటున్నాడు నాలో మాస్టారు." ఆగాడు. "చంటివాడేమో వెళ్ళొద్దని ఏడుస్తున్నాడు."

ఎన్నేళ్ళైందో ఆ పేర్లు ఆయన నోట విని. "గుమాస్తా ఏమంటున్నాడు?" అని అడిగాను.

"గుమాస్తా సెలవు పెట్టాడు."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. బెల్లు మళ్ళీ మోగింది, ఈసారి కాస్త కోపంగా.

"పాపం, గుమ్మంలో నిలబడ్డాడండీ. తలుపు తీయరా?"

"తీయను. నువ్వింకా చెప్పు."

బయట ఐదు గంటల పెద్దమనిషి ఆ మెట్టు మీద నిలబడి, లోపల ఎవరో తన గంట తినేస్తున్నారని, ఎవరో అదృష్టవంతురాలి మాట డాక్టరు గారు తెగ వింటున్నారని కుళ్ళిపోతూ ఉండి ఉంటాడు. కుళ్ళనీ అనుకున్నాను. చెప్పులు విప్పి కింద పడేసి, దిండు సరిచేసుకుని, మళ్ళీ మొదలుపెట్టాను.