కింది వాటా

బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూసే ఆయనను అందరూ కొర్రీల సారు అనేవారు. ఎంత చక్కని కాగితం తెచ్చినా ఓ కొర్రీ వేయనిదే ఆయన కలం కదిలేది కాదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని వచ్చిన ప్రతివాడికీ ఉచితంగా బోధించేవాడు. అలాంటి మనిషి, చవకగా వస్తోందని రెండంతస్తుల పాత ఇల్లు కొన్నాడు. దాచుకున్నదాంట్లో ముప్పాతిక వంతు అక్కడికే ఊడ్చుకుపోయింది. మిగిలినదానితో సున్నం కొట్టించి దిగిపోవచ్చనుకున్నాడు.

మేస్త్రి వచ్చి గోడను వేళ్లతో తట్టాడు. పెచ్చు ఊడి సారు చెప్పుల మీద పడింది.

"సున్నం సరిపోదా?" అన్నాడు సారు.

"కొట్టొచ్చు సార్. గోడ దాన్ని మోస్తుందో లేదో చెప్పలేను."

పైపులు, కరెంటు తీగలు, పై కప్పు అన్నీ మార్చాలన్నాడు. మిగిలిన డబ్బుకు అందని అంచనా విని సారు చెప్పుల మీది పెచ్చు దులుపుకున్నాడు. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు పాత ఇల్లు బాగుచేయించి చూడమని ఎందుకనలేదో అప్పుడర్థమైంది. చూసినవాళ్లెవరూ తిరిగొచ్చి చెప్పి ఉండరు.

మర్నాడు తన బ్యాంకులోనే బల్లకు అవతలి వైపు కూర్చున్నాడు. మేనేజరమ్మ ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషే. దరఖాస్తంతా చదివి, "పాత ఇంటి పని కదండీ. మధ్యలో ఖర్చు పెరిగితే ఎలా?" అంది.

"పెరగదనుకుంటున్నానమ్మా."

"అందరూ అలాగే అంటారు, నమ్మొద్దని మీరే చెప్పారు కదా సార్."

తన వేలే తన కంట్లో గుచ్చుకుంది. అడిగినదాంట్లో సగమే మంజూరైంది. ఆ కుర్చీలో తనుంటే అదీ ఇచ్చేవాడు కాదని ఆయనకు బాగా తెలుసు.

ఇంటికొచ్చి చతికిలపడితే భార్య మంచినీళ్లిచ్చింది. "ఉన్న డబ్బు రెండు వాటాలకూ పులిమితే రెండూ పాడవుతాయి. కింద శుభ్రంగా చేయించి అద్దెకిద్దాం. ఆ అద్దెతో పైన మెల్లగా చేయించుకుందాం."

"అందాకా మనమెక్కడుంటాం?"

"పైనే."

"కప్పు కారుతోంది కదే."

"బకెట్లున్నాయిగా."

"లెక్కలు చూసేవాణ్ణి నేను."

"చూశారుగా," అంది ఆవిడ.

కింది వాటా పని సాగుతుంటే ఆయనకు దాని మీద పిచ్చి మమకారం పుట్టింది. ఎవరో ఉండబోయే గదులకు తనే తిరిగి తిరిగి పాలరంగు నేలపలకలు ఏరి తెచ్చాడు. ఖర్చు పెరగనే పెరిగింది. పంటి డాక్టరమ్మ ఒకావిడ వాటా చూడగానే ఒప్పుకుని, ఆస్పత్రి పెట్టుకుంటానంటూ అడ్వాన్సు చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో కప్పు కారడం ఆగింది. నెలనెలా అద్దెలో బ్యాంకు వాయిదా పోను మిగిలేదానికి పైన నేలపలకల వంతు అన్నిటికన్నా చివర, మొదటిది పైపుల వంతు. అంతవరకు పై వాటాలో కొళాయి తిప్పితే నీళ్లకంటే ముందు దగ్గు వచ్చేది.

ఆఫీసు నుంచి వస్తూ సారు కింద ఆగడం మొదలుపెట్టాడు. రోగులు కూర్చునే గదిలో పేపరు పట్టుకుని, చెప్పులు విడిచి, పాదాలు నేలకు ఆనించేవాడు. ఓ సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చింది.

"పన్ను నొప్పాండీ?"

అబద్ధమాడితే పన్ను పీకేస్తుందేమోనని భయం వేసింది. "నొప్పేం లేదమ్మా. నేల చల్లగా ఉంటుందని..."

డాక్టరమ్మ నవ్వు దాచుకుని, "మీ ఇల్లేగా, కూర్చోండి," అని లోపలికి వెళ్లింది.

ఆయన ఎంతకీ పైకి రాకపోయేసరికి భార్య వెతుక్కుంటూ దిగింది. చీవాట్లు పెట్టబోయి, చెప్పుల్లోంచి ఒక కాలు తీసి నేల మీద ఆనించి చూసింది. తర్వాత రెండో కాలు. పక్క కుర్చీలో కూర్చుంది.

బుగ్గ వాచిన పెద్దాయన ఒకడొచ్చి, "మీ తర్వాత నేనేనా?" అన్నాడు.

"మీరు వెళ్లండి," అన్నాడు సారు. "మా వంతు రావడానికి ఇంకా మూడు నాలుగేళ్లు పడుతుంది."

ముందుగా నవ్వింది ఆయన భార్యే.