కాళమ్మకి ఒక చెయ్యి తక్కువ

నైట్ డ్యూటీ దిగి తిన్నగా బతు బస్తీ వచ్చేశాను. ఇంటికెళ్లి పడుకోవాల్సిన దాన్ని, ఆదివారం పొద్దున్నే జోగులు మొబైల్ షాపు మేడమీద పాచికలు పట్టుకుని కూర్చున్నాను. నాకు బుద్ధి లేదనే అనుకోండి. వారం మొత్తంలో నాకోసం నేను చేసుకునేది ఇదొక్కటే.

ఆట తెలియనివాళ్లకి చెబుతాను. భూషణం కథ నడుపుతాడు. వాళ్ల నాన్న ఇక్కడే స్కూల్లో మాస్టారుగా చేశారు, ఆ వాగుడంతా వీడికి వచ్చింది. మిగతా ముగ్గురం, అంటే జోగులు, మా తమ్ముడు నూకన్న, నేను, తలా ఒక మనిషిని కాగితం మీద తయారుచేసుకుని ఆ కథలో దూరతాం. మనవాడు కొట్టిన దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది.

మొదట్లోనే నన్ను వైద్యురాలిగా ఉండమన్నారు.

"నర్సువి కదా కామమ్మ దీదీ, నీకు అలవాటే" అన్నాడు జోగులు.

ఒళ్లు మండిపోయింది. వారమంతా సెలైన్లు, బెడ్‌పాన్లు, "సిస్టర్, సిస్టర్" అని కేకలు. ఇక్కడ కూడానా? నాకు కత్తి కావాలన్నాను. వైద్యం లేకపోతే మొదటి గుహలోనే అందరం చస్తామన్నాడు భూషణం. చివరికి రెండూ కలిసిన రకం ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. సగం కత్తి, సగం వైద్యం.

అంత దిక్కుమాలిన రకం ఇంకోటి ఉండదు. కత్తి పట్టేవాళ్లలో నా దెబ్బే చిన్నది, వైద్యం చేసేవాళ్లలో నా మందే పల్చన. పైగా మందు మంత్రం వెయ్యాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలట. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో డాలు, ఇంక ఖాళీ ఎక్కడిది? డాలు తీసేశాను. తీసేస్తే ప్రతివాడి దెబ్బా నాకే తగిలింది. బలం తగ్గించి చురుకు పెంచాను. వానాకాలమంతా డ్యూటీ మధ్యలో టీ తాగుతూ చెరిపి చెరిపి రాశాను. మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాను, కాళమ్మ అని. కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకొచ్చి, నెత్తిమీద చేపల గంప దించకుండానే తాగుబోతుల్ని తన్నిన మనిషి ఆవిడ.

ఇంత చేసినా నా కాళమ్మ ఒక్కసారీ కత్తి దుయ్యలేదు. నా వంతు వచ్చేసరికి ఎవడో ఒకడు నేలమీద పడి ఉంటాడు. "అప్పా, మందూ!" అని అక్కని కేకేస్తాడు నూకన్న. వేస్తాను. వంతు అయిపోతుంది. నాకు కావలసింది ఒక్క దెబ్బ. ఒక్కటంటే ఒక్కటి.

ఇవాళ ఆటలో, రేవులో పడవ మీద తాడుకి చిక్కి సముద్రపు రాకాసి దొరికింది. నూకన్న మనిషి పోలిరాజు దాంతో కలబడి ఒడ్డున ఇసకలో పడ్డాడు. పోలిరాజుని మా తమ్ముడు ప్రాణంలా పెంచుకున్నాడు. ఈ వంతులో మందు పడకపోతే వాడు పోతాడు. ఈ వంతులో నేను కొట్టకపోతే రాకాసి తాడు తెంపుకుని పోతుంది.

"మందు వెయ్ దీదీ, రాకాసి పోతే పోనీ" అన్నాడు జోగులు.

కళ్లు మూతలు పడుతున్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి మందు పాచిక వైపే వెళ్లింది. మధ్యలో ఆపేశాను.

"పడవెక్కుతున్నాను. కత్తి దూస్తున్నాను."

"అరే, పాగల్ హో క్యా దీదీ! పిచ్చా నీకు?" అన్నాడు జోగులు.

భూషణం నూకన్న వైపు తిరిగాడు. "పోలిరాజుకి ఇంకా గొంతుంది. పిలిస్తే కాళమ్మ దిగి రావచ్చు. పిలుస్తావా?"

నూకన్న రోజూ తెల్లారకుండా చేపల వేటకెళ్లే మనిషి. పడవలో కాలు పెట్టిన మనిషిని మాలో ఎవరూ ఒడ్డునుంచి పిలవరు. కొంప మునిగినా పిలవరు.

"పడవెక్కిన మనిసిని ఎనకనించి పిలుత్తారేటి?" అన్నాడు, తిట్టినట్టు.

"ఇది ఆటరా బాబూ" అన్నాడు భూషణం.

"ఆటైతే ఏటి? నాను పిలవను." జోగులు నోరు తెరవబోతే వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ పిలవొద్దు భయ్యా."

పాచిక వేశాను. తగిలింది! తగిలి ఏం లాభం, కాళమ్మ దెబ్బ కదా, రాకాసికి చిన్న గీత పడింది. అది తాడు తెంపుకుని వెళ్లిపోయింది. ఒడ్డున పోలిరాజు చచ్చిపోయాడు.

ఇన్నాళ్లు కోరుకున్నది ఇదేనా? సంతోషమో ఏడుపో నాకే తెలియలేదు. తమ్ముడి మొహం చూడ్డానికి భయమేసింది.

వాడు పోలిరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భూషణాన్ని కొత్త కాగితం అడిగాడు. వాడికి తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం సరిగా రాదు. పైన ఏదో పేరు హిందీలో రాసి, తలెత్తకుండానే అడిగాడు.

"అప్పా, వైద్యుడికి ఏటేటి గావాల? ఇకమీద మందు నానేత్తాను. నువ్వు కొట్టు."

బల్లమీద తల వాల్చేసి ఏడ్చాను. నిద్ర చాలక అనుకున్నాడు జోగులు, ఫ్యాను నావైపు తిప్పాడు.